మట్టి వెచ్చబడిందా? పెరటి తోట ప్రశ్నలు, జవాబులు

చలి వెనక్కి తగ్గి పొద్దు కాస్త పొడుగైతే చాలు, మొక్కలంటే ఇష్టం ఉన్నవాళ్ల చేతులు ఊరుకోవు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అడిగింది ఒకటే, "ఇప్పుడు ఏం వెయ్యాలి?" అని. కానీ ఒక్కొక్కరి జాగా ఒక్కో రకం, ఒక్కొక్కరి ఇబ్బంది ఒక్కో రకం. అందుకే కొన్నిటికి పెద్ద జవాబే రాశాను, కొన్నిటికి రెండు ముక్కల్లో చెప్పేశాను.

ప్రశ్న: ఇంటి వెనక పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఖాళీ జాగా ఉంది. ఇంతవరకు ఒక్క మొక్క కూడా పెంచలేదు. టమాటా, మిరప, బెండ, బీన్స్, పాలకూర, ముల్లంగి, దోస, సొర అన్నీ వెయ్యాలని విత్తనాలు కొనేశాను. వసంతం వచ్చేసింది కదండీ, ఈ ఆదివారం అన్నీ నాటేయొచ్చా?

జవాబు: అన్నీ వద్దండీ. మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని కాదు, మీరు కొన్న విత్తనాల్లో సగం ఇప్పుడు వేస్తే మొలవవు, మొలిచినా ఎదగవు. అప్పుడు మీరు "నా చేతికి మొక్కలు రావు" అనుకుని మానేస్తారు, నా భయమల్లా అదే.

సేద్యం చేసేవాళ్లు అదును, పదును అని రెండు మాటలు వాడతారు. అదును అంటే వేళ, పదును అంటే మట్టిలో ఉండాల్సినంత తడి. ఈ రెండూ కుదిరినప్పుడే చెయ్యి పెట్టాలి. క్యాలెండర్‌లో వసంతం వచ్చిందన్నంత మాత్రాన మట్టికి ఆ సంగతి తెలియదు, గాలి వెచ్చబడ్డాక కూడా మట్టి చాలా రోజులు చల్లగానే ఉంటుంది. కాబట్టి ముందు ఒక మామూలు థర్మామీటరు తీసుకుని (మట్టిలో గుచ్చేవి ఉంటాయి) ఉదయం పూట మూడు నాలుగు అంగుళాల లోతున పెట్టి చూడండి. అలా వరసగా నాలుగు రోజులు చూసి రాసుకోండి. పది డిగ్రీల దగ్గర ఉంటే పాలకూర, ముల్లంగి, క్యారెట్, బఠాణీ వేసేయొచ్చు, ఇవి చలిని ఓర్చుకునే రకాలు, ఐదారు డిగ్రీల్లో కూడా నెమ్మదిగా మొలుస్తాయి. బీన్స్‌కి పదహారు దాటాలి. టమాటా నారు నాటడానికి కూడా దాదాపు అంతే, మిరపకు ఇంకో రెండు డిగ్రీలు ఎక్కువ ఉంటే మంచిది. బెండ, దోస, సొర మాత్రం ఇరవై దగ్గరికి వచ్చే దాకా ముట్టుకోవద్దు. చల్లటి తడి మట్టిలో బెండ గింజ వేస్తే అది మొలవడానికి బదులు నాని కుళ్లిపోతుంది, అంతే.

ఒకసారి నేనూ ఆగలేకపోయాను. నాలుగు వెచ్చటి రోజులు చూసి టమాటా నారు చాలామటుకు బయట నాటేశాను, ఐదో రాత్రి చలి పది డిగ్రీల కిందికి దిగింది. మొక్కలు చావలేదు గానీ ఆకుల అడుగు భాగం ఊదారంగుకి తిరిగి, ఆకులు ముడుచుకుని, మూడు వారాలు అలాగే నిలబడిపోయాయి. తర్వాత పదిహేను రోజులకు నాటిన మిగిలిన ఐదు మొక్కలు వాటిని దాటేసి ముందుగా పూత పూశాయి. చలికి వేళ్లు భాస్వరం సరిగ్గా తీసుకోలేవు, అందుకే ఆ ఊదారంగు.

ఇక పదును సంగతి. ఒక పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసికి ఉండ చెయ్యండి, బొటనవేలితో నెమ్మదిగా నొక్కండి. ఉండ పొడిపొడిగా విడిపోతే తవ్వండి. మైనంలా అణిగి, వేలిముద్ర పడితే పార పక్కన పెట్టేసి ఇంకో మూడు రోజులు ఆగండి. తడిగా ఉన్న బంకమట్టిని తవ్వితే అది ఆరాక ఇటుకల్లా గట్టి పెళ్లలు కడుతుంది, ఆ సీజన్ మొత్తం వేళ్లకు గాలి ఆడదు. దాన్ని సరిచేయడానికి మళ్లీ ఏడాది పడుతుంది.

ఎండ కూడా చూసుకోవాలి. సెలవు రోజు ఒకటి పెట్టుకుని ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం నాలుగింటికి ఆ జాగాలో నీడ ఎక్కడ పడుతోందో చూసి గుర్తు పెట్టండి. కాయలు కాసే మొక్కలన్నిటికీ రోజుకు ఆరు గంటల ఎండ తప్పనిసరి, ఎనిమిది ఉంటే ఇంకా బాగు. పక్కనే ఆకు రాల్చిన చెట్టుంటే జాగ్రత్త, ఇప్పుడు ఎండ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, నెల తిరిగే సరికి చెట్టు చిగిర్చి మీ మళ్లన్నీ నీడలో పడతాయి.

పదడుగుల జాగా తక్కువేం కాదు. కానీ మొదటి ఏడాది సగమే తవ్వండి. నాలుగడుగుల వెడల్పు మించకుండా మళ్లు చేసుకుంటే రెండు వైపుల నుంచీ చెయ్యి అందుతుంది, మడిలోకి అడుగు పెట్టి మట్టిని తొక్కే పని ఉండదు. ఈ ఆదివారం ఒక మడిలో పాలకూర, ముల్లంగి వేసేయండి, టమాటా, మిరప ఇంట్లో ట్రేలలో నారు పోయండి. టమాటా నారు ఆరు నుంచి ఎనిమిది వారాలకు, మిరప ఎనిమిది నుంచి పది వారాలకు నాటడానికి వస్తుంది. ముల్లంగి నెల, నెలన్నరలో పీకేస్తారు కాబట్టి ఆ చోటు తర్వాత బెండకు పనికొస్తుంది. ముల్లంగి, క్యారెట్ ఎప్పుడూ నారు పోసి నాటొద్దు, ఉన్నచోటే విత్తాలి, తల్లివేరు వంగితే దుంప వంకర తిరుగుతుంది. సొర, దోస ఒక్కో పాదు చాలు, అవి పందిరి మొత్తం ఆక్రమించేస్తాయి.

ప్రశ్న: కిటికీ దగ్గర వంగ, టమాటా నారు పోశాను. బాగా మొలిచాయి, పొడవుగా పెరిగాయి, ఇప్పుడు ఒక్కొక్కటే పడిపోతున్నాయి. ఎరువు తక్కువైందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎరువు జోలికి వెళ్లకండి, ఇప్పుడు వేస్తే ఇంకా పాడవుతాయి. పడిపోవడం రెండు రకాలు, మీది ఏదో దగ్గరగా వంగి చూస్తేనే తెలుస్తుంది.

కాడ సన్నగా, పాలిపోయి, కిటికీ వైపు వాలి, బరువు మోయలేక వంగితే అది వెలుతురు చాలకపోవడం. కిటికీలోంచి మనకు బాగా వెలుగొస్తున్నట్టే ఉంటుంది, మొక్కకు అది సరిపోదు, వెతుక్కుంటూ సాగిపోతుంది. ఎల్‌ఈడీ ట్యూబులైట్‌ని నారుకి ఐదారు అంగుళాల ఎత్తులో వేలాడదీసి రోజుకు పద్నాలుగు పదహారు గంటలు వెలిగించి చూడండి, వారంలో తేడా కనిపిస్తుంది. సాగిపోయిన టమాటాని పారేయక్కర్లేదు. నాటేటప్పుడు కింది ఆకులు తీసేసి కాడని పై ఆకుల దాకా మట్టిలో పాతేయండి, పాతిన కాడంతా వేళ్లు పుడతాయి. ఈ వెసులుబాటు టమాటాకి ఉన్నంతగా వంగకు, మిరపకు లేదు, వాటిని ట్రేలో ఎంత లోతున ఉన్నాయో దాదాపు అంతే లోతున నాటాలి.

అలా కాకుండా, కాడ సరిగ్గా మట్టిని ఆనుకున్న చోట గిల్లినట్టు సన్నబడి, నీళ్లలో నానిన దారంలా గోధుమరంగుకి తిరిగి, పైన ఆకులు ఇంకా పచ్చగా ఉండగానే మొక్క పక్కకి ఒరిగిపోతే అది నారుకుళ్లు. ట్రే మీద ప్లాస్టిక్ మూత తీయడం మరచిపోయి నేను ఒక వంగ ట్రే మొత్తం పోగొట్టుకున్నాను. ఉదయం మూలన నాలుగు మొలకలు పడుకుని కనిపించాయి, సాయంత్రానికి అరచెయ్యంత మేర గుండ్రంగా ఖాళీ అయింది, మర్నాటికి ట్రేలో సగం పోయింది. ఇది మట్టిలోని శిలీంధ్రాల పని. తడి ఎక్కువై, గాలి ఆడక, మొలకలు ఒత్తుగా ఉంటే రెచ్చిపోతాయి. పడిపోయినవి మళ్లీ లేవవు. వాటిని చుట్టూ ఉన్న మట్టితో సహా తీసిపారేయండి, మూత ఉంటే తీసేయండి, పైమట్టి ఆరనివ్వండి, ఇకపై పైనుంచి పోయకుండా ట్రేని ఒక పళ్లెంలో నీళ్లలో పావుగంట ఉంచి తీసేయండి. ఫ్యాన్ గాలి నెమ్మదిగా తగిలేలా పెట్టినా మంచిదే, దానివల్ల కాడలు కూడా గట్టిపడతాయి. మళ్లీ పోసేటప్పుడు కడిగిన ట్రే, నారు కోసం అమ్మే కొత్త మట్టి మిశ్రమం, పల్చగా విత్తనం. పెరట్లో మట్టి తెచ్చి ట్రేలో వాడకండి.

మిగిలిన నారుని నాటే ముందు ఎండకి, గాలికి అలవాటు చెయ్యాలి. మొదటి రోజు గంటసేపు నీడలో బయట పెట్టి లోపలికి తెచ్చేయండి, రోజూ ఇంకో గంట పెంచుతూ, కాస్త కాస్త ఎండ చూపిస్తూ వారం పది రోజులు చేయండి. ఇది విసుగు పుట్టించే పనే, ఒప్పుకుంటాను. కానీ ఇంట్లో పెరిగిన లేత ఆకు ఒక్కసారి పూర్తి ఎండలో పడితే తెల్లగా మాడిపోతుంది.

ప్రశ్న: పచ్చి పేడ, కోడిగుడ్డు పెంకులు, కాఫీ పిప్పి, కూరగాయల తొక్కలు అన్నీ కలిపి మట్టిలో వేస్తే బలం అంటున్నారు. ఇప్పుడే వేసి వారంలో విత్తేయొచ్చా?

జవాబు: వద్దు. పచ్చి పేడ వేడి చేస్తుంది, లేత వేళ్లు మాడతాయి, దాంతో పాటు కలుపు విత్తనాలు, మనకు జబ్బు చేసే సూక్ష్మజీవులు కూడా వస్తాయి. పాలకూర, ముల్లంగి లాంటి మట్టికి తగిలే పంటలకైతే పచ్చి పేడ వేసిన తర్వాత కోతకు కనీసం నాలుగు నెలల ఎడం ఉండాలి. బాగా చివికిన ఎరువైతే ఈ ఇబ్బంది ఉండదు. చివికిందో లేదో వాసనే చెబుతుంది, పేడ వాసన పోయి వాన పడిన మట్టి వాసన రావాలి, చేతిలోకి తీసుకుంటే నలుపుగా పొడిపొడిగా ఉండాలి. అలాంటిది మడి మీద అంగుళంన్నర మందాన పరిచి పై ఆరంగుళాల మట్టిలో కలిపేస్తే ఒక సీజన్‌కి చాలా కూరగాయలకు సరిపోతుంది.

గుడ్డు పెంకులు మట్టిలో కరగడానికి ఏళ్లు పడుతుంది, ఈ ఏటి మొక్కకు వాటితో వచ్చేది దాదాపు ఏమీ లేదు. టమాటా కాయ అడుగున నల్లగా కుళ్లితే చాలామంది వెంటనే పెంకులు వేస్తారు. అది కాయకి కాల్షియం అందకపోవడం వల్ల వచ్చేదే, కాకపోతే ఎక్కువసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, నీళ్లు ఒకరోజు ఎక్కువ, నాలుగు రోజులు అసలు లేకుండా పోయడం వల్ల కాయ దాకా చేరదు. తడి ఒకేలా ఉంచితే తర్వాత వచ్చే కాయలు బాగుంటాయి. కాఫీ పిప్పిని మందంగా పరిస్తే పైన అట్టకట్టి నీళ్లు దిగనివ్వదు. మీరు చెప్పిన ఇవన్నీ మంచివే, కానీ వాటి చోటు కంపోస్టు కుప్ప. ఒక వంతు పచ్చి తొక్కలకు రెండు మూడు వంతుల ఎండుటాకులు కలిపి, పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడితో ఉంచి, అప్పుడప్పుడు తిరగేయండి. వచ్చే పంటకి మీ చేతిలో బంగారం ఉంటుంది.

ప్రశ్న: మాది అపార్ట్‌మెంట్. బాల్కనీలో రోజుకి మూడు గంటలే ఎండ. టమాటా పెంచాలని చాలా కోరిక.

జవాబు: మూడు గంటల ఎండలో టమాటా ఆకులే ఇస్తుంది, ఏడాదంతా మీరు కాయ కోసం ఎదురుచూడటం నాకు ఇష్టం లేదు. పాలకూర, లెట్యూస్, కొత్తిమీర, పుదీనా వేయండి, ఇవి ఆ వెలుతురులో కాస్త ఆలస్యంగా అయినా చక్కగా వస్తాయి. ఆరేడు అంగుళాల లోతున్న తొట్టి చాలు. పుదీనాకి మాత్రం విడిగా ఒక కుండీ ఇవ్వండి, లేకపోతే అందరి చోటూ అదే తీసేసుకుంటుంది. టెర్రస్ మీద ఎండ ఉండి, అక్కడ పెట్టుకునే వీలుంటే అప్పుడు ఇరవై లీటర్ల కుండీలో ఒక్క టమాటా మొక్క పెట్టండి, ఒక్కటే. ఏ కుండీకైనా అడుగున కన్నాలు ఉండాలి. కన్నం మీద గులకరాళ్లు పోస్తే నీళ్లు బాగా దిగుతాయనేది నిజం కాదు, తడి నిలిచే చోటు ఇంకాస్త పైకి జరుగుతుంది, అంతే.

ప్రశ్న: నాలుగేళ్ల కిందటి విత్తనాలు ఉన్నాయి. పనికొస్తాయా?

జవాబు: తడి గుడ్డలో పది గింజలు చుట్టి, కవర్లో పెట్టి, వెచ్చటి చోట ఉంచండి. వారం పది రోజుల్లో ఏడెనిమిది మొలిస్తే వాడేయండి, నాలుగైదే మొలిస్తే రెట్టింపు ఒత్తుగా విత్తండి, ఇంకా తక్కువైతే కొత్తవి కొనుక్కోండి. ఉల్లి విత్తనం ఏడాది రెండేళ్లలోనే చచ్చిపోతుంది, టమాటా, దోస మాత్రం పొడిగా, చల్లగా దాస్తే నాలుగైదేళ్లు ఉంటాయి.

ప్రశ్న: నాలుగేళ్ల కిందట తిన్న నిమ్మకాయ గింజ పాతితే మొక్కొచ్చింది. నా ఎత్తు పెరిగింది గానీ ఒక్క పువ్వు లేదు. తీసేసి వేరే పండ్ల మొక్క పెట్టాలా? ఇప్పుడు పెట్టొచ్చా?

జవాబు: తీసేయకండి, అది ఇంకా చిన్నపిల్లే. గింజ నుంచి వచ్చిన నిమ్మజాతి మొక్కలకు బాల్యం ఎక్కువ, ముళ్లతో ఏపుగా పెరుగుతూ నాలుగైదేళ్లు, ఒక్కోసారి అంతకు మించి కూడా పూత లేకుండా ఉంటాయి. ఎండ బాగా ఉండి, మీరు ప్రతి ఏడూ కొమ్మలు కత్తిరించకుండా ఉంటే పూస్తుంది. కత్తిరించిన ప్రతిసారీ దాన్ని వెనక్కి నెట్టినట్టే.

కొత్తగా పెట్టేదానికి అంటు మొక్క తెచ్చుకోండి. కాసిన చెట్టు కొమ్మనే తెచ్చి అంటుకడతారు కాబట్టి దానికి బాల్యం ఉండదు, చాలా రకాలు రెండు మూడేళ్లకే కాపుకొస్తాయి. కొనే ముందు ఇంకో మాట అడగండి, ఇది ఒంటరిగా కాస్తుందా, తోడు కావాలా అని. ఆపిల్‌కి సాధారణంగా పక్కన వేరే రకం ఆపిల్ ఉండాలి, అదే రకం పది చెట్లు పెట్టినా పిందె సరిగ్గా పట్టదు. బొప్పాయిలో కొన్ని రకాలకు మగ చెట్లు, ఆడ చెట్లు వేరు. నిమ్మ, అంజూర, దానిమ్మ ఒక్కటే ఉన్నా కాస్తాయి. చోటు ఒక్క చెట్టుకే ఉంటే ఈ వివరం తెలియక ఏళ్ల తరబడి ఎదురుచూసిన వాళ్లు చాలామంది, వాళ్ల ఉత్తరాలు చదివితే బాధేస్తుంది.

పెట్టడానికి వసంతం మొదలు మంచి అదును. ఆకు రాల్చే జాతులైతే మొగ్గ విచ్చుకోక ముందే పెట్టాలి, వేళ్లకు మట్టి లేకుండా ఇచ్చే మొక్కలైతే నాటే ముందు రెండు గంటలు నీళ్లలో వేళ్లు నానబెట్టండి. నిమ్మలాంటి చలికి తట్టుకోలేని వాటికి మంచు పడే భయం పూర్తిగా పోయాక.

గొయ్యి విషయంలో అందరూ చేసే పొరపాటు లోతుగా తవ్వడం. వేళ్ల ముద్ద ఎంత లోతుందో అంతే లోతు, వెడల్పు మాత్రం దానికి రెండు మూడు రెట్లు. లోతుగా తవ్వి కింద మెత్తటి ఎరువు నింపితే, ఆ ఎరువు చివికి కుంగే కొద్దీ మొక్క కూడా కిందికి దిగిపోతుంది, మొదలు మట్టిలో కూరుకుని కుళ్లుతుంది. తవ్విన మట్టినే తిరిగి పోయండి, ఎరువు పైన వేయండి. కుండీలోంచి తీసినప్పుడు వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే చేత్తో విడదీయండి, విడవకపోతే నాలుగు వైపులా కత్తితో నిలువుగా గాటు పెట్టండి. చెయ్యి రాదు, తెలుసు, కానీ అలా వదిలేస్తే ఆ చుట్టు పదేళ్ల తర్వాత చెట్టు మెడకే ఉరి అవుతుంది. అంటుకట్టిన చోట చిన్న బుడిపెలా, వంకరగా కనిపిస్తుంది చూడండి, అది నేలకి కనీసం రెండు మూడు అంగుళాల పైనే ఉండాలి. దాని కింది నుంచి వచ్చే చిగుళ్లు మీ పండువి కావు, అంటుకట్టడానికి కింద వాడిన మొక్కవి, కనిపించగానే తుంచేయండి. మొదటి ఏడాది పిందెలొస్తే అవీ తుంచేయండి. ఆ ఏడాది మొక్క వేళ్లు పెంచుకోవాలి.

ప్రశ్న: నేను ఏడో తరగతి. మా గుమ్మడి తీగకి బోలెడు పూలు పూశాయి, చిన్న చిన్న కాయలు కూడా వచ్చాయి. కానీ అన్నీ పసుపు రంగుకి తిరిగి రాలిపోతున్నాయి. పురుగుమందు కొట్టమంటున్నారు.

జవాబు: మందు కొట్టొద్దు నాన్నా. కొడితే నీకు ఇప్పుడు కావాల్సిన తేనెటీగలే ముందు పోతాయి.

పొద్దున్నే లేచి తీగ దగ్గర కూర్చుని పూలని పక్కనుంచి చూడు. కొన్ని పూలు సన్నటి పొడవు కాడ మీద ఉంటాయి, లోపల ఒకే ఒక్క పసుపు కాడ, ముట్టుకుంటే వేలికి పొడి అంటుతుంది. అవి మగపూలు. ఇంకొన్ని పూల వెనకాల గోళీ అంత గుమ్మడికాయ ఉంటుంది, లోపల మధ్యలో జిగురుగా, చీలికలు చీలికలుగా ఉంటుంది. అవి ఆడపూలు. ఆ గోళీ ఇంకా కాయ కాదు, మగపూవు పొడి దానికి చేరితేనే కాయ అవుతుంది, చేరకపోతే పసుపు తిరిగి రాలుతుంది. మామూలుగా తేనెటీగలు ఈ పని చేస్తాయి, వసంతం మొదట్లో చలికి అవి తక్కువ తిరుగుతాయి. కాబట్టి ఆ పని నువ్వు చెయ్యి. అప్పుడే విచ్చుకున్న మగపూవు కోసి, రేకులు తీసేసి, ఆ పసుపు కాడని ఆడపూవు మధ్యలో నెమ్మదిగా నాలుగు వైపులా రుద్దు. తొమ్మిదింటి లోపే చెయ్యాలి, ఎండెక్కితే గుమ్మడి పూవు ముడుచుకుపోతుంది. నాలుగైదు రోజులకి ఆ గోళీ నిమ్మకాయంత అయి, పైకి చూసే తల కిందికి వాలితే కాయ నిలబడినట్టే. దోసకు కూడా ఇదే పద్ధతి. సొర వేస్తే మాత్రం సాయంత్రం చెయ్యాలి, దాని తెల్ల పూలు పొద్దు వాలాకే విచ్చుకుంటాయి. మొదట్లో వారం పది రోజులు మగపూలే పూస్తే కంగారు పడకు, ఆడపూలు వెనకాల వస్తాయి.

ప్రశ్న: ఎండుటాకులు మూటలు మూటలుగా ఉన్నాయి. మళ్ల మీద ఇప్పుడే పరిచేయనా? నీళ్లు రోజూ పోయాలా?

జవాబు: ఇంకో మూడు నాలుగు వారాలు ఆగండి. ఆకులు దుప్పటిలా పనిచేస్తాయి, చల్లటి మట్టి మీద కప్పితే ఆ చలి లోపలే ఉండిపోతుంది. బెండ, టమాటా నాటి, మట్టి బాగా వెచ్చబడ్డాక రెండు మూడు అంగుళాల మందాన పరచండి, కాడకి ఆనకుండా చుట్టూ నాలుగు వేళ్ల ఎడం వదలండి. నీళ్లు రోజూ అక్కర్లేదు. కొత్తగా విత్తిన మడిలో మాత్రం పైపొర ఆరకూడదు, క్యారెట్ లాంటివి మొలవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అన్నాళ్లూ ఉదయం తేలిగ్గా చిలకరించాలి. వేళ్లూనిన మొక్కలకైతే వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడండి. లోపల చల్లగా, తడిగా తగిలితే వదిలేయండి. పొడిగా ఉంటే ఉదయం పూట, ఆకుల మీద కాకుండా మొక్క మొదలు దగ్గర, ఆరేడు అంగుళాలు దిగేలా నిదానంగా పోయండి. ఆకుల మూటలు మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి, ఎండలు ముదిరేసరికి అవన్నీ మీకే కావాలి.